స్టూలు మీద మనిషి

పోస్టర్ల కట్ట సోమవారం పొద్దున వచ్చింది.

ఉమ్ అల్ క్వైన్ ఇండస్ట్రియల్ ఏరియాలో, టైర్ల షాపుల వెనక ఉన్న ఆ గోడౌనులో స్పీకర్లు, మైకులు, లైట్లు, నాలుగు డ్రమ్ సెట్లు అద్దెకి దొరుకుతాయి. వాటిని లారీలోకి ఎక్కించడం, ప్రోగ్రాం జరిగే చోట దించి బిగించడం, అయిపోయాక విప్పి మళ్ళీ ఎక్కించడం సామ్యేలు ఉద్యోగం. వీసా మీద అతని వృత్తి లోడింగ్, అన్‌లోడింగ్ అని ఉంటుంది. పక్కనే అరబ్బీలో ఏమని ఉందో అతనికి తెలియదు. అది అంతకంటే గొప్పగా ఉండే అవకాశం మాత్రం లేదు.

శుక్రవారం దుబాయ్‌లో ఒక పెద్ద మైదానంలో పాటల ప్రోగ్రాం ఉంది. సౌండు కాంట్రాక్టు వీళ్ళదే. లారీ అద్దానికి ఆ పోస్టరు అంటించి ఉంటేనే గేటు లోపలికి వదుల్తామని చెప్పి కట్ట పంపించారు. సామ్యేలు తాడు తెంపి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఒక పోస్టరు జాగ్రత్తగా విప్పాడు. అందులో తన బొమ్మ ఉంటుందని అతని నమ్మకం. నాలుగేళ్ళుగా అతను డ్రమ్ములు వాయిస్తున్న బ్యాండు హోటలు బార్లు దాటి, సొంత పాటలతో మొదటిసారి ఆరుబయట జనం ముందుకు వస్తున్నది ఆ శుక్రవారమే.

పోస్టర్లో నలుగురున్నారు. మైకు పట్టుకుని నీల్, ఇంగ్లండువాడు, బ్యాండు పెట్టింది అతనే. కీబోర్డు దగ్గర కాకినాడ విల్సన్. గిటారుతో ఫిలిప్పీన్స్ రామిల్. వెనక డ్రమ్ముల దగ్గర, నుదుటి మీదికి జుట్టు వేసుకుని, బుగ్గలు లోపలికి పీల్చుకుని, ఎవరో తెల్లతను.

సామ్యేలు మొదట ప్రెస్సువాళ్ళ పొరపాటనుకున్నాడు. రెండో పోస్టరు విప్పాడు. మూడోది కూడా విప్పాడు. పొరపాటు జరిగితే అన్నిట్లోనూ అదే జరుగుతుందని తెలియని మనిషేం కాదు, అయినా విప్పాడు.

"ఏందప్పా, పెండ్లి పత్రికల మాదిరి అన్నీ తెరిచి చూస్తాండావు?" అన్నాడు హిదాయతుల్లా, టీ కప్పుతో అటుగా వస్తూ. గోడౌనుకి మేనేజరు ఆయనే. పనివాళ్ళందరికీ ముదీర్. కడప నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయింది.

"నా బొమ్మ లేదు భాయ్."

"నీ బొమ్మ ఎందుకుంటాదబ్బా? లారీ మీద మన కంపెనీ పేరే లేదు, నీ బొమ్మ కావల్నా?"

సామ్యేలు గోడౌను వెనక్కి వెళ్ళి విల్సన్‌కి ఫోన్ చేశాడు. విల్సన్ బ్యాంకులో పని చేస్తాడు, కారుంది, శుక్రవారం చర్చి ప్రార్థనలో ముందు వరసలో కూర్చుంటాడు. మిగతా ముగ్గురిలో తెలుగు మాట్లాడేది అతనొక్కడే కాబట్టి, నీల్ చెప్పవలసిన ఇబ్బంది మాటలన్నీ ఎప్పుడూ విల్సన్ నోటి నుంచే వస్తాయి.

"నీకు చెబుదామనే అనుకుంటున్నా సామ్యేలూ. ఫోన్లో చెప్పేది కాదని ఆగేను."

"ఇప్పుడు ఫోన్లోనేగా చెప్తున్నారు."

"అది కాదు మరి. ఈ ఏడాది ఎలాగుందో నీకు తెలీదా ఏంటి? ఆమ్నెస్టీ అన్నారు, కాగితాల్లేనోళ్ళందర్నీ పంపించేశారు. ఒకడి వీసా మీదున్నోణ్ణి ఇంకోడు వాడుకుంటే జరిమానా. బార్లో చీకట్లో ఎవడూ అడగలేదు. మైదానంలో అడుగుతారు. స్టేజీ ఎక్కే ప్రతోడి లేబర్ కార్డూ కావాలన్నారు. నీ కార్డు మీద ఏముందో చెప్పు."

సామ్యేలు జేబులో కార్డుని తడిమి చూసుకున్నాడు.

"మీకు వీసా ఇచ్చిన కఫీల్ ఎన్‌ఓసీ ఇస్తే వేరే సంగతి. మావాడు వాయించుకుంటే మాకు అభ్యంతరం లేదని ఒక్క ముక్క. అదుంటే నీల్ మాత్రం ఏమంటాడు?"

"తెస్తే నేనే కూర్చుంటానా?"

"తీసుకురా, చూద్దాం" అన్నాడు విల్సన్.

ఆ 'చూద్దాం' దగ్గర విల్సన్ గొంతు కొంచెం జారింది. సామ్యేలు దాన్ని పట్టించుకోలేదు. ఎనిమిదేళ్ళ దుబాయ్ బతుకులో అతను నేర్చుకున్నది ఒక్కటే: ఇక్కడ ఎవరు కాదన్నా, ఏదో ఒక కాగితం తక్కువైందని అర్థం. డ్రైవింగ్ లైసెన్సు కాదన్నారు, కాగితం తెస్తే అవునన్నారు. పెళ్ళాన్ని తెచ్చుకోడానికి కాదన్నారు, పధ్నాలుగు కాగితాలు తెస్తే అవునన్నారు. ఈ దేశంలో కూలికి వచ్చినవాడెవడైనా అలాగే అనుకుంటాడు. అతనూ అనుకున్నాడు.

*

"స్టేజీ మీద నువ్వు కూసుంటే కిందనుంచి డబ్బాలు ఎవురు మోస్తారు?" అన్నాడు హిదాయతుల్లా.

"మోసేసి, బిగించేసి, అప్పుడెక్కుతా భాయ్. గంట పనే గదా. మళ్ళీ దిగొచ్చి విప్పుతాను."

"కఫీల్‌ను యేమని అడగాల? మా లోడింగ్ మనిషి డబ్బా కొడ్తాడంట, సంతకం పెట్టు సామీ అనా? ఇప్పటికే బండి గుద్దినారని నా మింద నిప్పులు పోస్తాండాడు. గమ్మున పని చూసుకో పో."

సామ్యేలు గమ్మున పని చూసుకున్నాడు. కానీ ఆ రోజు చుట్టిన కేబుళ్ళన్నీ తిరగేసి చుట్టాడు. మర్నాడు వాటిని విప్పి మళ్ళీ చుట్టవలసి వచ్చింది.

షార్జాలో వాళ్ళుండేది ఒక్క గది. వంటిల్లు ఇంకో కుటుంబంతో కలిపి. సంతోషకుమారి డ్యూటీ నుంచి వచ్చేసరికి అతను మంచం మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, దాని మీద పుల్లలతో కొడుతున్నాడు. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. బూట్లు విప్పకుండానే గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది.

"ఏమైంది?"

"ఏం కాలా."

"ఏం కాకపోతే ఆ తువ్వాలునెందుకు అలా చావగొడుతున్నారు?"

అతను పోస్టరు తీసి చూపించాడు. ఆమె దాన్ని ఎక్స్‌రే చూసినట్టు ట్యూబులైటుకి ఎత్తి చూసింది.

"ఈయనెవరు?"

"నేనేనంట."

ఆమె నవ్వలేదు. మంచం చివర కూర్చుని, బూడిద రంగు సాక్సు ఒక్కొక్కటే లాగుతూ, "శుక్రవారం డ్యూటీ స్వీటీతో మార్చుకున్నానండీ" అంది. "బారులో వాయిస్తున్నారని నాలుగేళ్ళు నేనెప్పుడూ రాలా. ఇది మైదానం గదా, అందరూ వస్తారు గదా అని. అందుకని రెండు ఆదివారాలు దాని డ్యూటీ నేను చెయ్యాలి."

రేపల్లెలో సామ్యేలుకి వాయించడం నేర్పిన నాన్న పెళ్ళి బ్యాండులో సైడు డ్రమ్ము మెడకు తగిలించుకుని వీధుల్లో నడిచేవాడు. అలా నడిచే వాద్యంలో ప్రతి మలుపులోనూ ఒక విరుపు విరవాలి, పుల్ల పైకెగరేసి పట్టుకోవాలి. ఈ బ్యాండులో అవేవీ పనికిరావు. న్యూ వేవ్ అంటారు దీన్ని. పాతికేళ్ళ కిందటి ఇంగ్లండు ఫ్యాషను, నీల్ చిన్నప్పటి పిచ్చి. కీబోర్డు మోగుతుంటుంది, పాడేవాడు ఏ బాధా లేని మొహంతో బాధగా పాడతాడు, వెనకాల డ్రమ్ము గోడగడియారంలా నడవాలి. ఒక్క దెబ్బ ఎక్కువ వెయ్యకూడదు. చేతుల్లో ఉన్న విరుపులన్నీ చంపుకోడానికి సామ్యేలుకి ఏడాది పట్టింది. అది వచ్చాక నీల్ అతన్ని మెషీన్ అని పిలవడం మొదలుపెట్టాడు. సామ్యేలు ఆ మాటని ఇంటికి తెచ్చి భార్యకి చెప్పుకున్నాడు, ప్రమోషను వచ్చినట్టు.

"నాకేం కావాలో చెప్పనా కుమారీ?" అన్నాడు. "ఒక్కసారి ఆ స్టూలు మీద కూర్చుని ఎండలో వాయించాలి. నువ్వు ముందు నిలబడి చూడాలి. అంతే."

"మరి కాగితం తెచ్చుకోండి" అంది ఆమె, అన్నం గిన్నె మూత తీస్తూ.

బుధవారం సామాను పరీక్ష. ఏ ప్రోగ్రాముకైనా రెండు రోజుల ముందు ప్రతి వస్తువూ బిగించి, మోగించి చూసి, లిస్టులో టిక్కు పెట్టాకే పెట్టెల్లో సర్దాలి. సామ్యేలు గోడౌను మధ్యలో తివాచీ పరిచి డ్రమ్ములు నిలబెట్టాడు. జేబులోంచి చిన్న తాళంచెవి లాంటి బిగింపు తీసి, ముందుండే చిన్న స్నేర్ డ్రమ్ము అంచు చుట్టూ ఉన్న మరలు ఎదురెదురుగా ఒక్కొక్కటి పావు చుట్టు తిప్పాడు. చర్మం మీద వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టి, ఇంకో పావు చుట్టు. పెద్ద డ్రమ్ములో ఒక దిండు కుక్కాడు. ఇత్తడి తాళాల నట్లు బిగించాడు. మోగుతుందో లేదో చూడ్డానికి నాలుగు దెబ్బలు చాలు. అతను కూర్చుని శుక్రవారం పాటలు అయిదూ మొదటి నుంచి చివరిదాకా వాయించాడు.

కుడిచెయ్యి తాళం మీద ఎనిమిదేసి, ఎడమచెయ్యి స్నేర్ మీద రెండేసి, కాలు కింద తన పని తాను. మోచేతులు ఒంటికి అంటుకునే ఉన్నాయి. మొహంలో ఏమీ లేదు. రేకుల కప్పు కింద ఆ చప్పుడు గోడలకి కొట్టుకుని తిరిగి వస్తుంటే, లిస్టు రాస్తున్న హిదాయతుల్లా పెన్ను ఆపాడు. కాసేపటికి కుర్చీలోంచి లేచాడు. అయిదో పాట అయ్యేసరికి డ్రమ్ముల ఎదురుగా ఒక స్పీకరు మీద కూర్చుని ఉన్నాడు.

"యాడా తప్పలేదే" అన్నాడు.

"తప్పకూడదు భాయ్."

"నాకు పాట తెలీదు, ఏమీ తెలీదు. మా నాయన మగ్గం నేసేటోడు. ఆ చప్పుడు ఇట్లనే ఉండేది. ఒక్క పోటు అటూ ఇటూ అయితే బట్ట పాడవుతాదని చెప్పేవాడు." ఆయన కొంచెంసేపు స్నేర్ వంక చూశాడు. "ఈ నాలుగేండ్లూ నువ్వు తాగను పోతాండావని అనుకున్నా. బండి తియ్యి."

కఫీల్ ఇల్లు సముద్రం వైపు. నిలువుటద్దాల హాలులో హిదాయతుల్లా ముప్పావు గంట నిలబడ్డాడు, కూర్చోమని ఎవరూ అనలేదు. సామ్యేలు గుమ్మం బయట చెప్పుల దగ్గర ఉన్నాడు. అరబ్బీ అతనికి పని మాటల వరకే తెలుసు, అయినా తిట్లు అర్థమయ్యాయి. గుద్దిన బండి గురించి కఫీల్ పది నిమిషాలు తిట్టాడు. యాభై నాలుగేళ్ళ హిదాయతుల్లా రెండు చేతులూ ముందు కట్టుకుని, నేల చూస్తూ, "నామ్, నామ్" అని అన్నిటికీ తలూపుతున్నాడు. తర్వాత ఏదో అన్నాడు, కఫీల్ నవ్వాడు, లోపలెక్కడో స్టాంపు పడిన చప్పుడయింది.

కారులో కూర్చున్నాక హిదాయతుల్లా కాగితం అందించాడు. చెవులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "తడపొద్దు, మడత పెట్టొద్దు" అన్నాడు.

*

గురువారం మధ్యాహ్నం సామ్యేలు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని అల్ ఖూజ్‌లో బ్యాండు ప్రాక్టీసు చేసే షెడ్డుకి వెళ్ళాడు. తలుపు దగ్గరికి రాగానే ఆగిపోయాడు. లోపల డ్రమ్ము మోగుతోంది.

ఆ పోస్టరువాడు ఇంత బాగా వాయిస్తాడనుకోలేదు. చెయ్యి నిలకడగా ఉంది, కాలు నిలకడగా ఉంది, స్నేర్ దెబ్బ ఎండుకట్టె విరిచినట్టు పడుతోంది. రెండో పాట కూడా అలాగే నడిచింది. ఇంత వాయించేవాడు దొరికితే తనని ఎందుకు ఉంచుకుంటారు, కాగితం ఉంటే మాత్రం ఏం లాభం అనుకుని వెనక్కి పోదామనుకున్నాడు. అంతలో మూడో పాటలో, రెండో చరణం తిరిగే చోట, ఎడమ పుల్ల డ్రమ్ము అంచుని తాకి టక్కుమంది.

సామ్యేలుకి ఆ టక్కు తెలుసు. మూడు వారాల కిందట విల్సన్ ప్రతి పాటకీ అతని డ్రమ్ముని విడిగా కంప్యూటర్‌లోకి రికార్డు చేశాడు. సీడీ తెస్తామన్నాడు. ఆ చోట చెమటకి పుల్ల జారితే, మళ్ళీ వాయిస్తానని సామ్యేలే బతిమాలాడు. పర్లేదు, వినపడదులే అన్నాడు విల్సన్.

అతను తలుపు తోశాడు. డ్రమ్ముల మీద అరంగుళం మందం రబ్బరు చాపలు కట్టి ఉన్నాయి. వాటి వెనక టోబీ అనే ఆ పోస్టరు మనిషి చేతులు ఎత్తి దించుతున్నాడు, ఏ చప్పుడూ లేకుండా. సామ్యేలు వాయించినదంతా విల్సన్ ల్యాప్‌టాప్‌లోంచి వస్తోంది. విల్సన్ అతన్ని చూసి కీబోర్డు వైరు ఏదో సరిచేసుకోడానికి వంగాడు. అలా వంగినవాడు చాలాసేపు లేవలేదు.

నీల్ కాగితం పూర్తిగా చదివాడు. మర్యాద తెలిసినవాడు, స్టాంపు కూడా చూశాడు.

"చాలా మంచిది శామ్యూల్" అన్నాడు ఇంగ్లీషులో. "దాచుకో, ముందు ముందు పనికొస్తుంది. కానీ నీతో నిజం చెప్పాలి, ఇది కాగితం సంగతి కాదు. ఖర్చు పెట్టేవాళ్ళకి స్టేజీ ఒక రకంగా కనిపించాలి. మన పాటల్లో సగం చూడ్డానికేగా! టోబీ వాళ్ళ ఆఫీసు మనిషే. వినిపించేది మాత్రం నువ్వే. ఒక్క దెబ్బ మార్చలేదు. ఇంతకంటే బాగా నువ్వయినా వాయించలేవు."

సామ్యేలు నోరు తెరిచాడు. ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది, మాట్లాడాలంటే అతనికి సామాను పేర్లు వచ్చు, అంకెలు వచ్చు, థాంక్యూ వచ్చు. కోపం రాదు.

"ఇంకో సంగతి" అన్నాడు నీల్. "రేపు ల్యాప్‌టాప్ దగ్గర ఎవరైనా ఉండాలి. నేను చెయ్యి ఎత్తగానే ఒక్కో పాటా మొదలుపెట్టాలి. ఎలాగూ మీ కంపెనీ వాళ్ళు స్టేజీ పక్కనే ఉంటారు. పాటలు నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

"ఓకే" అన్నాడు సామ్యేలు. ఎనిమిదేళ్ళలో ఆ మాట ఎన్ని వేల సార్లు అన్నాడో, దానంతటదే వచ్చింది. బయట ఎండలో బస్సు కోసం నిలబడ్డాక తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వెళ్ళి, "నీ డ్యూటీ నువ్వే చేసుకో కుమారీ" అన్నాడు. ఆమె ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళి స్వీటీతో మాట్లాడింది. వచ్చి అతని పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

*

శుక్రవారం వీళ్ళ బ్యాండు వంతు అయిదింటికి. అయిదు పాటలు. పొద్దుగూకాక వచ్చే మగ్రిబ్ అజా లోపల ఖలాస్ చేసి స్టేజీ నిశ్శబ్దంగా ఉంచాలి, ఆ తర్వాతే పెద్ద బ్యాండ్లు.

సామ్యేలు స్టేజీ మీద తివాచీ పరిచాడు, డ్రమ్ములు నిలబెట్టాడు, రబ్బరు చాపలు కట్టాడు. స్టూలు ఎత్తు అలవాటుకొద్దీ తన మోకాలికి సరిపెట్టి, మళ్ళీ గుర్తొచ్చి, మర తిప్పి నాలుగు వేళ్ళు పైకి లేపాడు. టోబీ వచ్చి సాయం చేయబోయాడు. "నాకూ ఇబ్బందిగానే ఉంది" అన్నాడు నెమ్మదిగా. "మా బాసు పొమ్మన్నాడు." సామ్యేలుకి అతని మీద కోపం రాలేదు. అతనూ ఎవరో పొమ్మంటే వచ్చినవాడే.

స్టేజీ ఎడమ పక్కన, నల్లగుడ్డ చాటున, ఒక పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టారు. నీల్ చెయ్యి ఎత్తాడు. సామ్యేలు మీట నొక్కాడు.

రెండు నిలువుల ఎత్తున్న స్పీకర్లలోంచి తన డ్రమ్ము వచ్చి ఛాతీకి తగిలింది. ఎప్పుడూ వెనక కూర్చుని వాయించినవాడికి ముందున్నవాళ్ళకి ఎలా వినపడుతుందో తెలియదు. ఇంత బాగుంటుందని సామ్యేలుకి తెలియనే తెలియదు. ముందు వరసల్లో జనం తలలు ఆ దెబ్బకే లేస్తున్నాయి, ఆ దెబ్బకే దిగుతున్నాయి. అతనికి గర్వం వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మొహం నల్లగుడ్డ వైపు తిప్పుకున్నాడు. కాలు మాత్రం కింద పాటతో పాటు కొడుతూనే ఉంది.

రెండో పాట సగంలో ఉండగా హిదాయతుల్లా జనరేటరు వైపు నుంచి వచ్చాడు.

"నువ్వు ఈడేం చేస్తాండావు? పైన ఎవుడు వాడు?"

"నా బదులు."

"కాగితం ఇయ్యలేదా?"

"ఇచ్చా భాయ్. చదివాడు. కాగితం సంగతి కాదన్నాడు."

హిదాయతుల్లా స్టేజీ మీదికి చూశాడు. టోబీ చేతులు చూశాడు, ల్యాప్‌టాప్ చూశాడు, సామ్యేలు కాలు చూశాడు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మెడ నరాలు బిగిశాయి.

"ముప్పావు గంట నిలబడినా నేను" అన్నాడు. "పిల్లోని మాదిరి తిట్టించుకున్నా. దీనికా?" జనరేటరు వైపు చెయ్యి చూపించాడు. "ఒక్క స్విచ్చి. దించేస్తా. కేబుల్ కాలిపోయిందని రాసిస్తా. వాని చేతులు ఉత్తగా గాల్లో ఆడేది జనమంతా చూడనీ."

సామ్యేలుకి ఆ దృశ్యం కళ్ళ ముందు కనిపించింది. ఒక్క క్షణం చాలా బాగుంది.

"వద్దు భాయ్" అన్నాడు. "మోగేది నేను గదా. ఆపితే ఆగేది కూడా నేనే."

మూడో పాట అయింది. ఎడమ పుల్ల టక్కుమన్న చోటు కూడా స్పీకర్లలో దాటిపోయింది, ఎవరికీ వినపడలేదు. చప్పట్లు కొట్టారు. నీల్ మైకు స్టాండు మీంచి తీసుకుని బ్యాండు వాళ్ళని జనానికి పరిచయం చేయడం మొదలుపెట్టాడు. గిటారు మీద రామిల్! చప్పట్లు. కీబోర్డు మీద విల్సన్! విల్సన్ వంగి నమస్కారం పెట్టాడు. డ్రమ్ముల మీద టోబీ! అందరికంటే ఎక్కువ ఈలలు పడ్డాయి. టోబీ లేచి నిలబడి పుల్ల గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. పట్టుకోవడం మాత్రం చక్కగా పట్టుకున్నాడు.

నీల్ నాలుగో పాటకి చెయ్యి ఎత్తాడు.

సామ్యేలు వేలు మీట మీదే ఉంది. కిందికి దిగలేదు. అతను ఏ నిర్ణయమూ తీసుకోలేదు, వేలు దిగలేదంతే. టోబీ రెండు పుల్లలూ పైకెత్తి అలాగే ఉన్నాడు. రామిల్ తీగ మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. నీల్ చెయ్యి దించి మళ్ళీ ఎత్తాడు. మైదానం మీద చప్పట్లు సన్నబడి ఆగిపోయాయి. ఎక్కడో జ్యూసు మిషను తిరుగుతున్న చప్పుడు వినపడింది.

నీల్ జనంతో ఏదో జోకు వేశాడు. కొంతమంది నవ్వారు. మూడోసారి చెయ్యి ఎత్తి, పక్కకి తిరిగి, నల్లగుడ్డ సందులోంచి సామ్యేలు వైపు చూశాడు. విల్సన్ కూడా చూశాడు. అతనికి సంగతి తెలిసిపోయింది, మొహం పాలిపోయింది. పెదాలతో 'ఒరే, నొక్కరా' అన్నాడు. నాలుగేళ్ళలో విల్సన్ అతన్ని ఒరే అనడం అదే మొదటిసారి. హిదాయతుల్లా అటో ఇటో కదలకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"శామ్యూల్?" అన్నాడు నీల్.

మైకు అతని చేతిలోనే ఉంది, నోటికి దగ్గరగా. ఆ పేరు స్పీకర్లన్నిట్లోంచీ బయటికి వచ్చి, మైదానం దాటి, పార్కింగు దాకా పోయి ఉంటుంది. ముందు వరసలో కుర్రకారుకి హుషారొచ్చింది. ఎవరో అందుకున్నారు. "శామ్యూల్! శామ్యూల్!" అని చప్పట్లతో లయ కట్టారు. అడ్డకంచె దగ్గర నిలబడ్డ పనివాళ్ళు ఎవరి కోసమో అని మెడలు చాచి వెతుకుతున్నారు.

"శామ్యూల్, ప్లీజ్" అన్నాడు నీల్. ఈసారి గొంతులో జోకు లేదు.

సామ్యేలు కళ్ళు మూసుకున్నాడు. నాలుగేళ్ళు ఒక్క దెబ్బ తప్పకుండా వాయిస్తే ఈ పేరు ఎవరికీ అవసరపడలేదు. ఇప్పుడు కాసేపు ఆగితే కావలసి వచ్చింది. అతనికి సంతోషం వేసింది, ఆ సంతోషం చూసి సిగ్గూ వేసింది. భార్యని రావద్దన్నందుకు మాత్రం తనని తాను నాలుగు తన్నుకోవాలనిపించింది.

మీట నొక్కాడు. డ్రమ్ము మోగింది. టోబీ చేతులు అరక్షణం ఆలస్యంగా దిగాయి. జనం మళ్ళీ ఎగిరారు.

"రేపు కంప్లైంటు వస్తాది" అన్నాడు హిదాయతుల్లా, స్టేజీ వైపే చూస్తూ.

"రానీ భాయ్. లోడింగ్ మనిషికి పాటలు తెలీవు, ఎప్పుడు నొక్కాలో తెలీలేదు అని రాసెయ్యండి."

హిదాయతుల్లా మీసం కింద నవ్వాడు. "ఇంకెన్ని?"

"ఒకటి."

నాలుగో పాట ముగిసేసరికి ఎండ స్టేజీ అంచుకి వచ్చింది. మగ్రిబ్‌కి పది నిమిషాలుంది. చప్పట్లు ఇంకా ఆగలేదు. నీల్ మైకు దగ్గరికి పోలేదు. జనానికి వీపు పెట్టి, స్టేజీ ఎడమ పక్కకి తిరిగి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు. రామిల్ కూడా ఇటే తిరిగాడు. విల్సన్ వేళ్ళు కీబోర్డు మీద పెట్టి ఇటే చూస్తున్నాడు. స్టూలు మీద టోబీ పుల్లలు పట్టుకుని ఇటే చూస్తున్నాడు. సామ్యేలు కొంచెంసేపు వాళ్ళని అలాగే ఉండనిచ్చాడు. తర్వాత నల్లగుడ్డ పక్కకి లాగి, మీట మీంచి వేలు తియ్యకుండా అందరికీ కనపడేలా ముందుకు జరిగి, తల నాలుగుసార్లు ఊపి లెక్క ఇచ్చి మీట నొక్కాడు. నలుగురూ ఆ లెక్క అందుకున్నారు.